టోక్యో కుక్కకి సాలిపేట జవాబు

మా సాలిపేటలో మురుగు కాలవ లేదు. అందుకని మా మున్సిపల్ కమిషనర్ పీతాంబరరావు గారు టోక్యో వెళ్లారు.

ఆ నగరంలో మురుగంతా భూమి కింద నుంచి పోతుందట. ఎలా పోతుందో చూసి రమ్మని పై నుంచి ఆర్డరొచ్చింది. అధ్యయన బృందంలో కమిషనర్ గారు, చైర్‌పర్సన్ గారు, చైర్‌పర్సన్ గారి భర్త, ఆ భర్త గారి తమ్ముడు ఉన్నారు. మురుగు గురించి తెలిసిన శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి పాస్‌పోర్టు లేదు. భూమి కింద ఉన్నది ఫొటోలో పడదు కనక బృందం భూమి మీద ఉన్నవే చూసి వచ్చింది.

వచ్చాక నివేదిక రాశారు. దాని పేరు, 'టోక్యో నగరమున సందర్శకులు తప్పక చూడదగిన స్థలములు, పొందదగిన అనుభవములు: సాలిపేటకు అన్వయము'. అట్ట మీద గులాబీ రంగు పూల చెట్టు. లోపల మురుగు అనే మాట లేదు.

ఆ అన్వయం ఎలాగో తేల్చడానికి ఆఫీసర్లందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టారు. గోడ మీద బొమ్మలు పడుతున్నాయి. కమిషనర్ గారు కర్ర పట్టుకుని నిలబడ్డారు.

"ఇది ప్రపంచ ప్రసిద్ధి పొందిన కూడలి. దీపం మారగానే జనసమూహం అన్ని దిక్కుల నుంచీ ఏకకాలంలో రోడ్డు దాటుతుంది. ఈ దృశ్యాన్ని తిలకించడానికి పర్యాటకులు ఎదురుగా ఉన్న మేడ మీద, కాఫీ హోటల్ కిటికీ దగ్గర చోటు కోసం పోటీ పడతారు. మన దగ్గర దీనికి సమానమైన సదుపాయం ఏది?"

ఇళ్ల స్థలాల సెక్షన్ సూపరింటెండెంట్ జగన్నాథం లేచాడు. "పాత బస్టాండు జంక్షన్ అండి. అక్కడ దీపం మారకుండానే దాటుతారండి. అసలు దీపమే లేదండి."

"అంటే మనం వారికంటే ముందున్నాం. సదుపాయం కలదు అని రాయండి. తర్వాత. సొరుగుల్లాంటి అరల్లో మనుషులు నిద్రించే హోటలు."

"పెద్దాసుపత్రిలో మగవాళ్ల వార్డండి. మంచానికిద్దరు, మంచం కింద ఒకరు."

"కలదు. తర్వాత. రైలు పెట్టెలో పట్టని ప్రయాణికులను తెల్ల చేతిజోళ్లు ధరించిన సిబ్బంది మర్యాదగా లోపలికి నెట్టుట."

"షేర్ ఆటోలున్నాయి కదండి. చేతిజోళ్లొక్కటే కొనాలి."

"మర్యాద?"

"దానికి కొంచెం టైము పడుతుందండి."

అలా సగం టోక్యో మా ఊళ్లో ముందునుంచే ఉన్నట్టు తేలింది. అందరూ టీ తాగారు. టీ తర్వాత వచ్చిన బొమ్మ దగ్గర కమిషనర్ గారి గొంతు మారింది.

"దీన్ని చూడండి. ఒక మహా రైల్వే స్టేషన్ ముందు కంచుతో పోత పోసిన కుక్క. దీని యజమాని ఒకనాడు పనికి వెళ్లి అక్కడే చనిపోయాడు. ఇది ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం స్టేషన్‌కి వచ్చి ఆయన కోసం ఎదురు చూసింది. ఇప్పుడు దేశదేశాల జనం క్యూ కట్టి దీంతో ఫొటో దిగుతున్నారు. నేనూ దిగాను. నా వంతు వచ్చేసరికి కళ్లు చెమర్చాయి. మిత్రులారా, కుక్కలకు మనకేం కొదవ? కానీ ఎదురు చూసే కుక్క ఒక్కటైనా ఉందా?"

మా ఊరి కుక్కలు ఎదురు చూడవు. అవే ఎదురొస్తాయి.

అయినా ప్రయత్నం చేశారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒక గోధుమరంగు కుక్కని పట్టించి, స్నానం చేయించి, బస్టాండు ముందు కట్టించాడు. మొదటి రోజు అది డిపో మేనేజర్‌ని కరిచింది. రెండో రోజు తాడు కొరికేసి బిర్యానీ హోటల్ వెనక్కి పోయింది. 'స్థానిక శునకములందు విశ్వాస లోపము గమనించడమైనది' అని ఫైలు మూసేశారు.

ఆ మధ్యాహ్నం కమిషనర్ గారు దిగులుగా కిటికీ దగ్గర నిలబడి బయటికి చూశారు. ఆఫీసు మెట్ల మీద దాలమ్మ కూర్చుని ఉంది.

దాలమ్మ ఎవరో మా ఊళ్లో చెప్పక్కర్లేదు గాని మీకు చెప్పాలి. గెడ్డ గట్టున పాక. గెడ్డంటే మా వైపు వాగు. పొద్దున్నే సంతలో ఎండుచేపలు అమ్ముకుంటుంది. గంప ఖాళీ అవగానే తిన్నగా మున్సిపల్ ఆఫీసుకొచ్చి మెట్టు మీద కూర్చుంటుంది. ఆమెకి మెరకలో ఇంటి స్థలం మంజూరై చాలా కాలమైంది. పట్టా మీద ఒక్క సంతకం కావాలి. అది పెట్టాల్సినవాడు జగన్నాథం. వానాకాలం వచ్చిందంటే గెడ్డ పొంగి పాకలోకి వస్తుంది. ఏటా వస్తుంది. కిందటేడు గెడ్డ ఆమె మేకని, మంచాన్ని పట్టుకుపోయింది. ఈసారి పట్టుకుపోవడానికి ఆమె తప్ప పాకలో ఇంకేమీ లేదు.

కమిషనర్ గారు అటెండరుని పిలిచారు. "ఆవిడ ఎవరి కోసం?"

"జగన్నాథం గారి కోసమండి. రోజూ వస్తదండి."

"రోజూ?"

"ఎండైనా వానైనా అండి. ఆ ముసిల్దానికి వేరే యావ లేదండి."

కమిషనర్ గారి కళ్లు మళ్లీ చెమర్చాయి.

అదే సమయంలో కింది గదిలో ఒక అపాయం జరగబోతోంది. కమిషనర్ గారు టోక్యో నుంచి ఆఫీసర్లందరికీ తలా ఒక పెన్ను తెచ్చారు. జగన్నాథం తన పెన్ను ఎలా రాస్తుందో చూద్దామని చేతికందిన కాగితం లాక్కున్నాడు. అది దాలమ్మ పట్టా. కాప్ తీశాడు. పాళీ కాగితానికి తాకబోతుండగా కమిషనర్ గారు తలుపు తోసుకుని వచ్చారు.

"ఆపండి."

జగన్నాథం బెదిరిపోయాడు. "నేనేం తీసుకోలేదండి. ఊరికే పెడుతున్నానండి."

"ఊరికేనా, తీసుకునా అన్నది కాదు సమస్య. మీరిప్పుడు సంతకం పెడితే ఏమవుతుందో తెలుసా?"

"పట్టా వస్తుందండి."

"వస్తే?"

"ఇంటికి పోతుందండి."

"పోతే? ఒక జాతి సంపద మీ చేతుల మీదుగా నాశనమవుతుంది. ఆ ఫైలు కింద పెట్టండి."

వారం తిరక్కుండా తీర్మానం పాసైంది. మెట్ల దగ్గర బోర్డు పెట్టారు. 'విశ్వాస నిరీక్షణ కేంద్రం. ఈ మెట్టుపై కిల్లాన దాలమ్మ అను పౌరురాలు సంతకము కొరకు ఎదురు చూచుచున్నారు. తాకరాదు.' ఆమె ఫైలుకి వారసత్వ హోదా ఇచ్చి, కదపకూడదని జగన్నాథం గదిలోనే దాని మీద గాజు పెట్టె బిగించారు. కమిషనర్ గారు స్వయంగా వచ్చి ఆమెకి శాలువా కప్పారు.

దాలమ్మ శాలువా తీసి మడిచి గంపలో పెట్టుకుంది. "సాలువెందుకు బాబూ. సంతకవెట్టండి."

"అమ్మా, మీ విషయం మా దృష్టిలో ఉంది. మీ నిరీక్షణను శాశ్వత ప్రాతిపదికన గుర్తించాం."

"గుర్తించినారు సరే. ఎప్పుడెడతారు?"

"శాశ్వత ప్రాతిపదిక అంటే..."

"అంటే ఎట్టరు."

పక్కన సింహాద్రి ఉన్నాడు. అతనిదీ గెడ్డ గట్టే, ఆమె పక్క పాకే. రిక్షా తొక్కి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. అతని పట్టా కూడా జగన్నాథం గదిలోనే, సంతకం కోసమే ఉంది. ఈ వ్యవహారమంతా అతనికి చిన్నతనంగా తోచింది.

"బాబూ, దీనికంటే ముందునుంచి నాను సూస్తన్నాను. నాకు బోర్డేదీ?"

కమిషనర్ గారు అతన్ని ఎగాదిగా చూశారు. "మీరు ఎదురు చూస్తూ మధ్యలో టీ తాగడానికి వెళ్తున్నారు. ఫొటోకి అది పనికిరాదు."

"టీ మానేస్తాను బాబూ."

"నీకు సిగ్గు నేదేట్రా," అంది దాలమ్మ. "ఇది కుక్క ఉద్యోగం. దీనికి కూడా పోటీయేనా."

"నీకేటే, సాలువొచ్చింది," అన్నాడు సింహాద్రి.

జనం రావడం మొదలెట్టారు. ముందు స్కూళ్ల వాళ్లు వచ్చారు. టీచర్లు పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఓర్పు అంటే ఇదని వేలు పెట్టి చూపించారు. తర్వాత విశాఖపట్నం నుంచి సెల్ఫీల వాళ్లు. పెళ్లి కాబోయే జంటలు ఆమె పక్కన కూర్చుని ఫొటోలు తీయించుకున్నారు. ఎదురు మేడ మీద ఒకాయన కాఫీ హోటల్ తెరిచాడు. కిటికీ పక్క బల్లకి అదనంగా తీసుకుంటాడు.

దాలమ్మ అడ్డపొగ తాగుతుంది. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని. మా వైపు పాతకాలం ఆడవాళ్లకి అలవాటే. మొదట దాన్ని నిషేధించబోయారు. అది చూసి జనం ఇంకా ఎక్కువ వస్తున్నారని తెలిసి, రోజూ సాయంత్రం మూడు చుట్టలు మున్సిపాలిటీ ఖర్చు మీద ఇప్పించారు. ఆమె ముఖం తలుపు వైపే ఉండాలనీ, నవ్వరాదనీ, నవ్వితే నిరీక్షణలోని ఆర్తి దెబ్బతింటుందనీ ఉత్తర్వు వేశారు. ఆ ఉత్తర్వు అనవసరం. ఆమెకి నవ్వొచ్చే పని అక్కడెవరూ చేయడం లేదు.

ఈ విజయం చూసి మిగతా సెక్షన్లు ఊరుకుంటాయా. ప్రతి సెక్షనూ తన నిరీక్షకుణ్ణి తయారు చేసుకోవాలని పై నుంచి సర్క్యులర్ వచ్చింది. కుళాయిల సెక్షన్ వాళ్లు రేపు ఇవ్వాల్సిన కనెక్షన్లు ఆపేశారు. జనన మరణాల సెక్షన్లో ఒక ముసలాయన పెన్షన్ కోసం తను పుట్టినట్టు కాగితం అడిగాడు. ఆయన్ని ఎంతో మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాన్ వేసి, కాగితం మాత్రం ఇవ్వలేదు. అంతకుముందు మా ఆఫీసులో పని బద్ధకం వల్ల ఆగేది. ఇప్పుడు శ్రద్ధగా ఆపుతున్నారు.

ఆషాఢం వచ్చింది. కొండల మీద వాన పట్టింది. ఒకనాడు దాలమ్మ పొద్దున్నే, సంతకి వెళ్లకుండా, మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. బోర్డు దాటి, అటెండరుని దాటి, తిన్నగా కమిషనర్ గారి గదిలోకి పోయి నిలబడింది.

"బాబూ, గెడ్డ గుమ్మంలోకొచ్చీసింది. ఇంకొక్క వానకి పాకుండదు. మీ కుక్కాట తరవాత ఆడుకుందారి. సంతకవెట్టించండి, మెరకలో నాలుగు రేకులేసుకుంటాను."

"అమ్మా, కూర్చోండి. ఇక్కడ కాదు, బయట. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ వచ్చే వారం జపాన్ అతిథులు వస్తున్నారు. ఈ సమయంలో మీరు వెళ్లిపోతే టోక్యో ఏమనుకుంటుంది?"

"నాను మునిగిపోతే ఏటనుకుంటాది?"

కమిషనర్ గారు ఆమెకి ఒక గొడుగు ఇప్పించమన్నారు. గొడుగు మీద మున్సిపాలిటీ ముద్ర ఉంది.

అతిథులు వచ్చారు. ముందు నడిచినాయన మోరితా గారు. రైల్వేలో పనిచేసి రిటైరైన సన్నటి పెద్దమనిషి. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి విశాఖపట్నం నుంచి హిమజ అనే అమ్మాయిని పిలిపించారు. వాన సన్నగా పడుతోంది. నాదస్వరం పెట్టారు. జగన్నాథం పూలగుత్తి పట్టుకుని వరసలో మొదట నిలబడ్డాడు.

మోరితా గారు మెట్టు దగ్గర ఆగారు. దాలమ్మ ముందు నడుం వంచి చాలాసేపు నమస్కారం పెట్టారు. దాలమ్మ చుట్ట తీసి పక్కన పెట్టి తనూ దణ్ణం పెట్టింది. ఆ మెట్టు మీద ఆమెకి దణ్ణం పెట్టిన మొదటి మనిషి ఆయనే.

తర్వాత ఆయన హిమజతో ఏదో అన్నారు.

"ఈవిడ ఎదురు చూస్తున్న వ్యక్తి ఎప్పుడు చనిపోయారని అడుగుతున్నారండి," అంది హిమజ.

కమిషనర్ గారు నవ్వారు. "చనిపోలేదు. ఈయనే," అని జగన్నాథం భుజం మీద చెయ్యి వేశారు. జగన్నాథం పూలగుత్తి ముందుకి చాపాడు.

మోరితా గారు పూలగుత్తి తీసుకుని, జగన్నాథాన్ని చూసి, దాలమ్మని చూసి, వాళ్ల మధ్య దూరం చూశారు. మళ్లీ ఏదో అన్నారు. హిమజ కాస్త తటపటాయించింది.

"చెప్పండి, ఫర్వాలేదు," అన్నారు కమిషనర్ గారు.

"మా కుక్క యజమాని చనిపోయాడు కాబట్టి రాలేకపోయాడు. ఈయన బతికుండి ఎందుకు రాలేదు అంటున్నారండి."

నాదస్వరం ఆగిపోయింది. కమిషనర్ గారు ఇది అనుభవమనీ, అనుభవాన్ని తర్కంతో చూడరాదనీ అన్నారు. హిమజ దాన్ని జపాను భాషలో చెప్పింది. మోరితా గారు మర్యాదగా తల ఊపారు. టీ తాగలేదు.

ఆ రోజే అత్యవసర సమావేశం పెట్టారు. ఇంకొకరైతే ఈ పాటికి సంతకం పెట్టించి చేతులు దులుపుకునేవారు. మా కమిషనర్ గారు అలాంటి మనిషి కాదు. లోపం ఎక్కడుందో అక్కడే సరిచేస్తారు.

"అతిథులు ఎత్తి చూపిన లోపం సమంజసమైనదే. ఒరిజినల్‌లో యజమాని దివంగతుడు. మన దగ్గర సజీవుడు. కాబట్టి పర్యాటక ప్రయోజనాల దృష్ట్యా జగన్నాథం గారు నేటి నుంచి కాలధర్మం చెందినట్టు పరిగణించడమైనది."

జగన్నాథం లేచాడు. "అయ్యా, నాకింకా సర్వీసుంది."

"సర్వీసుకేం ఢోకా లేదు. జీతం వస్తుంది. మీరు వెనక తలుపు నుంచి వచ్చి, పైన స్టోర్ రూములో కూర్చోండి. సంతకాలు మాత్రం పెట్టకూడదు. దివంగతులు పెట్టరు."

జగన్నాథం కొంచెం ఆలోచించాడు. "సంతకం పెట్టకుండా జీతం అంటే, ఇప్పటికీ అదే కదండి," అని కూర్చున్నాడు.

అతని భార్య ఒప్పుకోలేదు. మర్నాడు ఆఫీసుకొచ్చి కమిషనర్ గారిని నిలదీసింది. "మీ టూరిజం కోసం నా మొగుణ్ణి చంపుకున్నారు. నన్ను పేరంటానికి పిలుస్తారా, మానేస్తారా? అదేదో కాగితం మీద రాసివ్వండి." సదరు మరణం ఆఫీసు వేళలకే వర్తిస్తుందని ఆమెకి రాసిచ్చారు.

జగన్నాథం గదికి తాళం వేసి, తలుపు మీద అతని ఫొటో పెట్టి, దండ వేసి, దీపం పెట్టారు. సంతాప సభ జరిపారు. వక్తలు అతని పనితనాన్ని పొగిడారు. స్టోర్ రూము కిటికీ లోంచి వింటూ అతను కూడా కదిలిపోయాడు.

ఆ రోజు వాన దంచింది. గెడ్డ గట్టు మీద పాకలన్నీ పోయాయి. దాలమ్మ తన పొయ్యి, రెండు గిన్నెలు, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలోంచి వచ్చింది. వెనకాల సింహాద్రి, ఇంకా గట్టు మీది వాళ్లంతా. తడిసి ముద్దయి మెట్ల దగ్గరికొచ్చేసరికి దాలమ్మకి తలుపు మీద దండ వేసిన ఫొటో కనపడింది.

"ఇదేటి?" అంది.

"జగన్నాథం గారు పోయారమ్మా. ఆఫీసు పరంగా," అన్నాడు అటెండరు. "నువ్వు మాత్రం కూర్చోవాలి. ఇప్పుడే అసలు కూర్చోవాలి. కమిషనర్ గారి ఆర్డరు."

దాలమ్మ ఫొటోని చాలాసేపు చూసింది. తర్వాత బోర్డుని చూసింది. తర్వాత పక్కనున్న రాయి తీసి తాళం మీద కొట్టింది. మున్సిపాలిటీ కొన్న తాళం. ఒక్క దెబ్బకి ఊడింది.

కమిషనర్ గారు పరుగెత్తుకొచ్చేసరికి ఇళ్ల స్థలాల సెక్షన్లో పొయ్యి వెలుగుతోంది. బీరువా తలుపుకి ఎండుచేపలు వేలాడుతున్నాయి. బల్లల మీద పిల్లలు పడుకున్నారు. సింహాద్రి సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాడు.

"ఏమిటిది దాలమ్మా? నీ స్థానం మెట్టు. ఆ కుక్క చూడు, యజమాని పోయినా స్టేషన్ వదల్లేదు."

దాలమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఆ కుక్కకి ఆయన పోనాడని సెప్పినోలు నేరు బాబూ. పాపం దానికి తెలీదు. నాకు మీరే పటం కట్టి సెప్పినారు. పోనోడి కోసం నానెందుకు సూడాల?"

"ఇది ప్రభుత్వ గది. ఖాళీ చెయ్యి."

"కాగితం ఇయ్యండి, సేస్తాను. ఇన్నాళ్లు కాగితం, కాగితం అని మీరే కదా నేర్పినారు."

ఖాళీ చేయించే నోటీసు తయారు చేయమని కమిషనర్ గారు ఆజ్ఞాపించారు. అప్పుడు తెలిసింది. ఆక్రమణలు ఖాళీ చేయించే నోటీసు మీద సంతకం పెట్టే అధికారం ఇళ్ల స్థలాల సెక్షన్ సూపరింటెండెంటుది. ఆయన దివంగతుడు. కమిషనర్ గారు తనే పెట్టవచ్చేమోనని రూల్సు తిరగేశారు. పెట్టకూడదు. పోలీసులు వచ్చారు. నోటీసు లేకుండా ఎవర్నీ ముట్టుకోబోమని, వాన తగ్గాక కబురు చెయ్యమని వెళ్లిపోయారు. ఎదురు మేడ మీద కాఫీ హోటల్లో కిటికీ బల్లలన్నీ నిండిపోయాయి.

ఇక దారి లేదు. జగన్నాథం మరణాన్ని రద్దు చేస్తూ, సదరు ఉద్యోగి తక్షణం ప్రాణములతో విధులకు హాజరు కావలెనని కమిషనర్ గారు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. స్టోర్ రూములోంచి జగన్నాథాన్ని కిందికి తెచ్చారు. ఫొటో మీది దండ తీసేశారు. అతను ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకుని, నోటీసు చేత్తో పట్టుకుని గదిలోకి వచ్చాడు. సింహాద్రి లేచి కుర్చీ ఇచ్చాడు.

జగన్నాథం టోక్యో పెన్ను తీశాడు. అతను నోటీసు బల్ల మీద పరిచేలోపల దాలమ్మ గాజు పెట్టె ఎత్తి నేల మీద వేసింది. గాజు పగిలింది. అందులోంచి కాగితం దులిపి నోటీసు మీద పెట్టింది.

"బతికొచ్చినారు, సంతోసం. ముందిక్కడెట్టండి బాబూ. తరవాత ఆ కాగితమ్మీద పెట్టుకోండి. మెరకలో జాగా ఉంటే నాకు మీ గదెందుకు?"

జగన్నాథం కమిషనర్ గారి వైపు చూశాడు. కమిషనర్ గారు కిటికీ వైపు చూశారు. కిటికీ అవతల ఊరు ఊరంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉంది. గదిలో గట్టు మీది వాళ్లు ఒకరి వెనక ఒకరు వరస కడుతున్నారు. ఎవరూ కట్టమనలేదు.

జగన్నాథం సంతకం పెట్టాడు. పెన్ను బాగానే రాసింది.

దాలమ్మ పట్టాని దీపం వెలుగులో పట్టుకుని చూసుకుంది. చదవడం రాదు గాని సంతకం ఎక్కడుందో వేలితో తడిమింది. మడిచి రొంటిన దోపుకుంది. పొయ్యి ఆర్పి గంప నెత్తికెత్తుకుంది. జగన్నాథం పెన్నుకి కాప్ పెట్టబోయాడు.

ఆమె వెనకాలే నిలబడ్డ సింహాద్రి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, మల్లీ సచ్చిపోకండి. నాదుంది."